ట్రేలో తడి ఉందా?

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. పిల్లుల్ని పెంచేవాళ్ళు ఇంతమంది ఒకచోట కనిపించడం నాకు చాలా సంతోషంగా ఉంది.

నేను పశువైద్య వృత్తిలోకి వచ్చిన మొదటి ఏడాది జరిగిన సంగతితో మొదలుపెడతాను. రాత్రి తొమ్మిదింటప్పుడు ఫోన్ వచ్చింది. "డాక్టర్ గారూ, మా పిల్లికి పొద్దున్నుంచి మోషన్ రావట్లేదు. ఇసుక ట్రేలోకి వెళ్తోంది, ముక్కుతోంది, బయటికి వస్తోంది, మళ్ళీ వెళ్తోంది. మలబద్ధకం అనుకుంటా, ఏమైనా మందు చెప్తారా?" నాలుగేళ్ళ గండుపిల్లి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది. ఇంట్లోనే ఉంటుంది, బొద్దుగా ఉంటుంది. నేను అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ట్రేలో తడి ఉందా? ఆ ప్రశ్న నాకు తట్టలేదు. వాళ్ళు మలబద్ధకం అన్నారు, నేనూ అదే అనుకున్నాను. "పొద్దున్నే తీసుకురండి, చూద్దాం" అన్నాను.

పొద్దున తెచ్చేసరికి పిల్లి ఒళ్ళు చల్లబడిపోయి ఉంది. తువ్వాలులో చుట్టి తెచ్చారు. పొట్ట కింద చెయ్యి పెడితే బత్తాయికాయంత గుండ్రంగా, రాయిలా గట్టిగా తగిలింది. అది బ్లాడర్, అంటే మూత్రాశయం. మూత్రం బయటికి రాక నిండిపోయి ఉంది. గుండె మీద స్టెతస్కోప్ పెడితే ఒక చప్పుడుకీ ఇంకో చప్పుడుకీ మధ్య నేను ఊపిరి తీసుకునేంత వ్యవధి ఉంది. చేతనైనదంతా చేశాం. గంటలోపే పోయింది. ఆ ఇంటావిడ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆ తువ్వాలు మడిచి ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నారు. ఆ రోజు నుంచి పిల్లి గురించి ఎవరు ఫోన్ చేసినా, జ్వరమన్నా, తిండి మానేసిందన్నా, డల్‌గా ఉందన్నా, నేను ముందు అడిగేది ట్రే గురించే. ఇవాళ మీ అందరికీ ఆ ప్రశ్న అలవాటు చేయాలనే వచ్చాను.

ఇలా మూత్రం బిగదీయడం ముఖ్యంగా గండుపిల్లులకే ఎందుకు వస్తుందో ముందు చెప్తాను. బ్లాడర్ నుంచి మూత్రం బయటికి వచ్చే గొట్టం ఆడపిల్లికి పొట్టిగా, కాస్త వెడల్పుగా ఉంటుంది. మగదానికి పొడుగ్గా ఉండి, చివరికి వచ్చేసరికి బాగా సన్నబడిపోతుంది. ఆ చివర లోపలి వెడల్పు ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూ. బ్లాడర్ వాచినప్పుడు లోపలి పొర నుంచి ఊడిన కణాలు, జిగురు, రక్తం, సన్నటి స్ఫటికాలు అన్నీ కలిసి టూత్‌పేస్ట్ లాంటి ముద్ద అవుతుంది. అది ఆ సన్నటి చివర ఇరుక్కుంటే చాలు, దారి మూసుకుపోయినట్టే. ఒక్కోసారి ఇసుక రేణువంత రాయి ఇరుక్కుంటుంది. ఒక్కోసారి ఏమీ ఇరుక్కోదు, నొప్పికి ఆ గొట్టం చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుపోయి దారి మూసేస్తాయి. ఆడపిల్లులకు మూత్రంలో మంట వస్తుంది, రక్తం పడుతుంది, రాళ్ళూ వస్తాయి కానీ పూర్తిగా బిగదీయడం చాలా అరుదు.

దారి మూసుకుపోయినా కిడ్నీలు తమ పని ఆపవు. మూత్రం తయారవుతూనే ఉంటుంది, బ్లాడర్ ఉబ్బుతూనే ఉంటుంది. కొన్ని గంటలకు ఆ ఒత్తిడి వెనక్కి కిడ్నీల మీద పడుతుంది, అప్పుడు అవి వడగట్టడం మానేస్తాయి. బయటికి పోవాల్సినవన్నీ రక్తంలోనే మిగిలిపోతాయి. వాటిలో ప్రాణం తీసేది పొటాషియం. అది పెరిగేకొద్దీ గుండె నెమ్మదిస్తుంది. ఆస్పత్రి బల్ల మీద ఉన్న పిల్లి గుండె భయానికి నిమిషానికి 180, 200 సార్లు కొట్టుకోవాలి. 120 కంటే తక్కువ ఉంటే మాకు చెమటలు పడతాయి. పూర్తిగా బిగదీసిన పిల్లి ఒక రోజు గడిచేసరికి వాంతులు చేసుకుంటుంది, మగతగా పడి ఉంటుంది. రెండు మూడు రోజులకు మించి బతకడం కష్టం. కొన్ని అంతకంటే ముందే పోతాయి.

ఇప్పుడు మళ్ళీ మలబద్ధకం దగ్గరికి వస్తాను, ఎందుకంటే మోసపోయేది అక్కడే. మూత్రం కోసం ముక్కే పిల్లీ, మోషన్ కోసం ముక్కే పిల్లీ చూడ్డానికి దాదాపు ఒకేలా ఉంటాయి. రెండూ ట్రేలో వంగి కూర్చుంటాయి, రెండూ నడుం బిగబడతాయి. అందుకని ముక్కే తీరు చూసి తేల్చుకోవాలని ప్రయత్నించకండి. మగపిల్లి ట్రేలోకి పదేపదే వెళ్తూ, బయటికి ఏమీ రాకపోతే అది మూత్రం బిగదీయడమే అనుకుని బయల్దేరండి. ఆస్పత్రిలో మేం పొట్ట పట్టుకుని చూసి "ఇది మలబద్ధకమే, కంగారు లేదు" అని చెప్తే మీకు పోయిందేమీ లేదు. ఒక ప్రయాణం దండగ, అంతే. అర్ధరాత్రయినా సరే బయల్దేరండి.

బయల్దేరే ముందు ఇంట్లో చేయకూడనివి కొన్ని ఉన్నాయి. పొట్ట నొక్కి మూత్రం తెప్పించాలని చూడొద్దు. బిగిసిన బ్లాడర్ గోడ అప్పటికే దెబ్బతిని ఉంటుంది, నొక్కితే లోపలే చిట్లిపోవచ్చు. సిరంజితో నీళ్ళు పట్టించొద్దు. పోయే దారి లేనప్పుడు నీళ్ళు పోసి ఏం లాభం చెప్పండి. ఇక నొప్పి మాత్రల సంగతి గట్టిగా చెప్తున్నాను: పారాసిటమాల్ పిల్లికి విషం. మన ఒంట్లో ఆ మందును విరగ్గొట్టి బయటికి పంపే ఏర్పాటు పిల్లి లివర్‌లో సరిగ్గా లేదు. ఒక్క మాత్రతో ప్రాణం పోవచ్చు. రక్తం ఆక్సిజన్ మోయలేక చిగుళ్ళు మట్టి రంగుకు తిరుగుతాయి. ఇబుప్రోఫెన్ కూడా అంతే ప్రమాదం. మూత్రంలో మంటకు మనుషులకు ఇచ్చే ఫెనాజోపిరిడిన్ కూడా వద్దు. ప్రేమతోనే వేస్తారు, నాకు తెలుసు. పిల్లి బాధపడుతుంటే చూడలేక ఏదో ఒకటి వేసేద్దాం అనిపిస్తుంది. ఆ చెయ్యిని ఆపుకోండి.

ఆస్పత్రిలో ఏం జరుగుతుందో కూడా కాస్త వివరంగా చెప్తాను, తెలిస్తే టెన్షన్ తగ్గుతుంది. చాలామంది అనుకునేది పిల్లిని తీసుకెళ్ళగానే ట్యూబ్ వేసేస్తారని. పొటాషియం బాగా పెరిగిన పిల్లికి ముందు గుండెను కాపాడాలి, ట్యూబ్ తర్వాత. ఈసీజీ పెడతాం, కాలికి సూది పెట్టి సెలైన్ ఎక్కిస్తాం, కాల్షియం గ్లూకోనేట్ ఇస్తాం. కాల్షియం పొటాషియాన్ని తగ్గించదు, దాని దెబ్బ గుండెకు తగలకుండా కొంతసేపు అడ్డం నిలబడుతుంది. ఆ లోపల ఇన్సులిన్, గ్లూకోజ్ కలిపి ఇస్తే పొటాషియం కణాల్లోకి వెళ్తుంది. కొన్నిసార్లు బ్లాడర్ మరీ బిగిసి ఉంటే సన్నటి సూదితో పొట్ట పైనుంచే కొంత మూత్రం తీసేస్తాం. పిల్లి కాస్త నిలదొక్కుకున్నాక మత్తు ఇచ్చి, మూత్రం దారిలోకి సన్నటి ట్యూబ్, అంటే కాథెటర్ పెట్టి, సెలైన్‌తో ఆ ముద్దను మెల్లగా వెనక్కి తోస్తాం. ఇందులో తొందర పనికిరాదు. చెయ్యి కాస్త గట్టిగా పడితే ఆ గొట్టానికి గాయమవుతుంది, అది మానేటప్పుడు కుంచించుకుపోతుంది, మళ్ళీ అదే కష్టం.

ఆ ముద్ద కదిలిన క్షణం గురించి చెప్పకుండా ఉండలేను. వేళ్ళ కింద అప్పటిదాకా ఎదురుతన్నిన కాథెటర్ ఉన్నట్టుండి లోపలికి జారుతుంది. ముందు రెండు మూడు చుక్కలు నల్లటి ఎరుపులో పడతాయి. తర్వాత ధార మొదలవుతుంది, స్టీలు గిన్నెలో చప్పుడు వినిపిస్తుంది. ఎన్ని ఏళ్ళయినా ఆ చప్పుడు వింటే గదిలో ఉన్న మా అందరికీ భుజాలు దిగుతాయి.

కానీ పని అక్కడితో అయిపోదు. కాథెటర్‌ను ఒకటి నుంచి మూడు రోజులు అలాగే ఉంచుతాం. దారి తెరుచుకున్నాక కిడ్నీలు అప్పటిదాకా నిలిచిపోయినదంతా ఒక్కసారిగా బయటికి తోస్తాయి. ఒక్కోసారి గంటగంటకూ ఎంత మూత్రం వస్తోందో కొలిచి, దానికి తగ్గట్టు సెలైన్ పెంచకపోతే పిల్లి ఒంట్లో నీరు తోడేసినట్టు అయిపోతుంది. అందుకే "ట్యూబ్ వేశారుగా, ఇంటికి పంపించేయండి" అని అడిగితే మేం ఒప్పుకోం. డబ్బు కోసం ఉంచుతున్నారని దయచేసి అనుకోవద్దు. ఆస్పత్రిలో ఉన్న ఆ రోజుల్లో నొప్పి తగ్గించే ఇంజెక్షన్లు కూడా చాలా ముఖ్యం. నొప్పి తగ్గితేనే ఆ కండరాలు వదులవుతాయి.

కొన్ని పిల్లులు మళ్ళీ మళ్ళీ బిగదీస్తాయి. అలాంటివాటికి ఆ సన్నటి చివరి భాగం తీసేసి, వెడల్పుగా ఉన్నచోట కొత్త ద్వారం ఏర్పాటు చేసే ఆపరేషన్ ఉంది. ప్రాణాపాయం చాలావరకు తప్పుతుంది. కానీ బ్లాడర్ వాపు అనే అసలు జబ్బు దానివల్ల పోదు, ఇన్ఫెక్షన్లు వచ్చే అవకాశం కొంచెం పెరుగుతుంది. అందుకని ఒక్కసారి బిగదీసిందని వెంటనే ఆ ఆపరేషన్‌కు నేను తొందరపెట్టను.

సరే, ఇప్పటిదాకా చెప్పింది ప్రమాదం అంచున ఉన్న పిల్లి సంగతి. అక్కడిదాకా రాకముందు కొన్ని సూచనలు కనిపిస్తాయి. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ ఎవరూ చూడట్లేదనుకుంటుంది అంటాం. నొప్పి విషయంలో అది నిజంగానే మన కంట పడకుండా దాచుకుంటుంది. మూలుగుతూ మన దగ్గరికి వచ్చి చెప్పదు. మంచం కిందకో, బీరువా వెనక్కో వెళ్ళి కూర్చుంటుంది. చెవులు కాస్త పక్కలకు వాలి, కళ్ళు సగం మూసుకుని, మూతి బిగబట్టి, తల భుజాల కంటే కిందికి వంచి కూర్చుంటే దానికి నొప్పిగా ఉందని అర్థం. మాంట్రియల్ విశ్వవిద్యాలయం పశువైద్యులు 2019లో చెవులు, కళ్ళు, మూతి, మీసాలు, తల ఉండే తీరు అనే ఈ ఐదింటినీ చూసి నొప్పిని లెక్కగట్టే పద్ధతి ఒకటి ప్రకటించారు. మీ పిల్లి మెలకువగా, హాయిగా ఉన్నప్పుడు ముఖం ఎలా ఉంటుందో ఒక ఫొటో తీసి పెట్టుకోండి. తేడా వచ్చినప్పుడు పోల్చుకోవడానికి అంతకంటే మంచి సాధనం లేదు.

ముఖం కంటే ముందు మాట్లాడేది ట్రే. ఆరోగ్యంగా ఉన్న పెద్ద పిల్లి రోజుకు రెండు నుంచి నాలుగు సార్లు మూత్రం పోస్తుంది. ఉండకట్టే ఇసుక వాడితే ఉండలు లెక్కపెట్టడం ఎంతో తేలిక. రోజూ పార పట్టుకుని తీసేటప్పుడు ఎన్ని ఉన్నాయి, ఎంతెంత ఉన్నాయి అని చూడండి. మామూలుగా మూడు నిమ్మకాయలంత ఉండలు ఉండేచోట, ఇవాళ ఏడెనిమిది గోళీలంత ఉండలు కనిపించాయనుకోండి. అంటే పదేపదే వెళ్తోంది, కొంచెం కొంచెమే వస్తోంది. బ్లాడర్ వాచింది. ఆ రోజో మరుసటి రోజో చూపించాలి. ఉండలకు గులాబీ రంగు ఉంటే రక్తం పడుతున్నట్టు. అసలు ఉండలే లేకుండా ఇసుక మీద తవ్విన గుర్తులు మాత్రమే ఉంటే, నిమిషాల మీద బయల్దేరాలి. ఉండలు మామూలు కంటే బాగా పెద్దవిగా, ఎక్కువగా ఉంటే అది ఇంకో దారి, దాని సంగతి చివర్లో చెప్తాను.

ట్రే బయట పోయడం గురించి. సింక్‌లో, బాత్‌రూమ్ నేల మీద, పరుపు మీద పోసిందని చాలామంది కోప్పడతారు. "మా మీద కక్షతో పోస్తోంది" అంటారు. పిల్లికి కక్ష అనేది లేదండి. ట్రేలో కూర్చున్నప్పుడల్లా మంట పుడితే దానికి ఆ ట్రేయే మంట పెడుతోందనిపిస్తుంది. వేరే చోట మంట పుట్టదేమో అని వెతుక్కుంటుంది. చల్లటి, నున్నటి చోటు చూసుకుంటుంది. అందుకే సింక్‌లో మూత్రం కనిపిస్తే తిట్టకుండా బుట్టలో పెట్టుకుని తీసుకురండి. అయితే గోడకో, తలుపుకో వీపు పెట్టి నిలబడి, తోక పైకెత్తి వణికిస్తూ కొంచెం చిమ్మితే అది వేరు, అది హద్దులు గుర్తుపెట్టడం. జబ్బుతో ముక్కే పిల్లి కూర్చుని పోస్తుంది.

ఇక అసలు ఎక్కువ పిల్లులకు ఉండేదేమిటి? ఇక్కడ నేను కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మందుల విషయంలో ఎక్కువ పొరపాటు జరిగేది ఇక్కడే. మనుషులకు మూత్రంలో మంట అనగానే ఇన్ఫెక్షన్ అనుకుంటాం, యాంటీబయాటిక్ వేసుకుంటాం. పిల్లికీ అదే అనుకుంటారు. కానీ పదేళ్ళలోపు పిల్లుల్లో బ్యాక్టీరియా వల్ల ఈ బాధ రావడం చాలా తక్కువ. వాటి మూత్రం పరీక్షకు పంపి కల్చర్ పెడితే, అంటే క్రిములు పెరుగుతాయేమో చూస్తే, ఏమీ పెరగదు. ఈ వయసు పిల్లుల్లో సగానికి పైగా కేసుల్లో రాయీ ఉండదు, క్రిమీ ఉండదు, బ్లాడర్ మాత్రం వాచి, లోపల రక్తం చిమ్ముతూ ఉంటుంది. కారణం బయటికి కనిపించదు కాబట్టి దీనికి ఇడియోపథిక్ సిస్టైటిస్, అంటే కారణం తెలియని బ్లాడర్ వాపు అని పేరు పెట్టారు.

ఈ జబ్బుకు ఒక చిత్రమైన గుణం ఉంది. ఏ మందూ వేయకపోయినా చాలా పిల్లుల్లో ఐదు నుంచి ఏడు రోజుల్లో దానంతట అదే సర్దుకుంటుంది. ఇప్పుడు ఆలోచించండి. యాంటీబయాటిక్ కోర్సు ఎన్ని రోజులు రాస్తాం? ఐదు, ఏడు రోజులు. పిల్లి బాగైపోయింది, మందు పనిచేసిందని ఇంట్లోవాళ్ళూ అనుకుంటారు, రాసిన డాక్టరూ అనుకుంటారు. నేనూ అలాగే కొన్నేళ్ళు అనుకున్నాను. మూడు నెలలకు మళ్ళీ వచ్చేది, మళ్ళీ అదే మందు, మళ్ళీ వారానికి తగ్గేది. మందుకూ తగ్గడానికీ సంబంధమే లేదని అర్థమయ్యాక ఆ పాత చీటీలు తలచుకుంటే నాకు బాధేస్తుంది. అక్కర్లేని యాంటీబయాటిక్ వేస్తే నిజంగా ఇన్ఫెక్షన్ వచ్చిన రోజు ఆ మందు పనిచేయకపోవచ్చు. కాబట్టి "యాంటీబయాటిక్ ఎందుకు రాయలేదు?" అని అడిగే బదులు "మూత్రం కల్చర్ చేశారా?" అని అడగండి. రాయాల్సిన మందు నొప్పి మందు. ఆ వారం రోజులూ పిల్లి పడే బాధ తక్కువది కాదు.

మరి ఎందుకు వస్తోంది? అమెరికాలో ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో టోనీ బఫింగ్టన్ అనే పశువైద్యుడు దశాబ్దాలపాటు ఈ జబ్బు మీదే పనిచేశారు. ఆయన, ఆయన సహచరులు చూపించినది ఏమిటంటే, ఈ పిల్లుల్లో గొడవ బ్లాడర్‌కే పరిమితం కాదు. వాటి నరాల వ్యవస్థ ఎప్పుడూ అలారం మోగుతున్నట్టు ఉంటుంది. అదే భయం ఒక పిల్లిలో బ్లాడర్ మీద పడుతుంది, ఇంకోదానిలో కడుపు మీద, మరోదానిలో చర్మం మీద. 2011లో వచ్చిన వాళ్ళ పరిశోధన ఒకటి నాకు బాగా ఇష్టం. పెంపకందారు మారడం, తిండి వేళ తప్పడం లాంటి చిన్న మార్పులు జరిగిన వారాల్లో, జబ్బున్న పిల్లులే కాదు, పూర్తి ఆరోగ్యంగా ఉన్నవి కూడా తిండి తగ్గించాయి, ట్రే బయట మూత్రం పోశాయి. అంతకుముందు 2006లో 46 పెంపుడు పిల్లుల విషయంలో ఇంటి వాతావరణం మార్చి, పది నెలలు గమనించారు. మూత్ర సమస్యలతో పాటు వాటి బెదురూ, కంగారూ తగ్గాయి.

పిల్లిని కంగారుపెట్టే మార్పులు మన దృష్టికి చిన్నవే. కొత్త సోఫా, ఇంటికి చుట్టాలు, పాప పుట్టడం, పక్కింటి పిల్లి కిటికీ అవతల కూర్చుని చూడటం, మన డ్యూటీ టైమ్ మారడం. పిల్లికి ఇల్లే లోకం. ఆ లోకంలో తన చోటు తనదే అన్న ధీమా ఉండాలి. ఎక్కి కూర్చోవడానికి ఎత్తు, దూరి దాక్కోవడానికి అట్టపెట్టె, గీరడానికి ఏదైనా గరుకైనది, రోజూ ఒకే వేళకు కాసేపు మనతో ఆట. రెండు మూడు పిల్లులున్న ఇంట్లో వాటి మధ్య జరిగే నిశ్శబ్ద యుద్ధం మనకు కనపడదు. ఒకటి నడవా మధ్యలో హాయిగా పడుకున్నట్టే ఉంటుంది. నిజానికి అది రెండోదాన్ని ట్రే దగ్గరికి వెళ్ళనీయకుండా కాపలా కాస్తోంది. కొట్లాట లేదు, చప్పుడు లేదు. రెండోది గంటలకొద్దీ మూత్రం ఆపుకుంటుంది. అందుకే పిల్లులు ఎన్ని ఉంటే అంతకంటే ఒక ట్రే ఎక్కువ పెట్టమంటాం. అన్నీ ఒకే గదిలో వరసగా పెడితే పిల్లి లెక్కలో అది ఒక్క ట్రేయే. వేర్వేరు చోట్ల పెట్టాలి. వాషింగ్ మెషీన్ పక్కన వద్దు, అది ఒక్కసారి గిర్రున తిరిగితే పిల్లి ఆ ట్రేకి దణ్ణం పెట్టేస్తుంది. ట్రే పొడవు పిల్లి పొడవుకు ఒకటిన్నర రెట్లు ఉండాలి. షాపుల్లో అమ్మే చాలా ట్రేలు పెద్ద పిల్లికి ఇరుకే. సెంటు వాసన వేసే ఇసుక మన ముక్కు కోసం చేసింది, దానికి నచ్చదు. రోజుకు ఒకసారైనా శుభ్రం చేయాలి.

ఇంటి వాతావరణం తర్వాత రెండోది నీళ్ళు. మన పెంపుడు పిల్లి ఆఫ్రికా, పశ్చిమాసియా ప్రాంతాల అడవిపిల్లి సంతతి. ఎండిన నేలల మీద బతికిన జాతి. వేటాడి తిన్న ఎలుకలోంచే దానికి కావలసిన తడి దొరికేది. అందుకే దానికి దాహం తక్కువ, మూత్రం చాలా చిక్కగా చేసుకోగలదు. మనం ఇచ్చే పొడి గుళికల తిండిలో, అదే కిబుల్‌లో, నీరు పదోవంతు ఉంటే గొప్ప. డబ్బాలో, పౌచ్‌లో వచ్చే తడి ఆహారంలో ముప్పావు వంతుకు పైగా నీరే. పొడి తిండి తినే పిల్లి నీళ్ళు కాస్త ఎక్కువ తాగినా, ఆ లోటంతా పూడ్చుకోదు. మూత్ర సమస్య వచ్చిన పిల్లికి నేను మొదట చెప్పే మార్పు తడి ఆహారం. ఒక్కసారిగా మార్చకండి, అదీ దానికి ఒక ఒత్తిడే. పాత గిన్నె పక్కనే కొత్తది పెట్టి, వారం రెండు వారాలు దాన్నే తేల్చుకోనివ్వండి. నీళ్ళ గిన్నె వెడల్పుగా, మీసాలు తగలకుండా, తిండికి దూరంగా ఉంటే ఎక్కువ తాగవచ్చు. కొన్నిటికి పారే నీళ్ళంటే ఇష్టం. మీ పిల్లికి ఏది ఇష్టమో రెండు మూడు రకాలు పెట్టి చూస్తే అదే చెప్తుంది.

రాళ్ళ గురించి త్వరగా చెప్తాను. పిల్లుల్లో ముఖ్యంగా రెండు రకాలు. స్ట్రువైట్ రాయి సరైన ఆహారంతో కరిగిపోతుంది, చాలాసార్లు కొన్ని వారాలు చాలు. కాల్షియం ఆక్సలేట్ కరగదు, తీయాల్సిందే. 1981లో మొదలైన మిన్నెసోటా విశ్వవిద్యాలయం రాళ్ళ పరీక్షా కేంద్రానికి తొలి రోజుల్లో పిల్లుల నుంచి వచ్చినవి ఎక్కువగా స్ట్రువైట్లే. దాన్ని తగ్గించడానికి కంపెనీలు తిండిని ఆమ్లంగా మార్చాక, ఆ రాళ్ళు తగ్గి ఆక్సలేట్ రాళ్ళు పెరుగుతూ వచ్చాయి. ఇది ఎందుకు చెప్తున్నానంటే, "యూరినరీ" అని రాసి ఉన్న తిండి ఏదో ఒకటి కొని పెట్టేస్తే సరిపోదు. ఏ రాయో తెలియాలి, ఎక్స్‌రేనో స్కానింగో తీయాలి. మనుషుల మంట తగ్గించే సిరప్‌లు మూత్రాన్ని క్షారంగా మారుస్తాయి, స్ట్రువైట్ రాయి పెరగడానికి అదే కావాలి, అందుకని అవి వద్దు. ఇంకో మాట: మూత్రం సీసాలో పట్టి ఫ్రిజ్‌లో గంటలకొద్దీ ఉంచితే లేని స్ఫటికాలు పుడతాయి. తాజాగా పరీక్షించాలి. రిపోర్టులో స్ఫటికాలు కనిపించినంత మాత్రాన రాళ్ళున్నట్టు కాదు.

ఇందాక పెద్ద ఉండల సంగతి చివర్లో చెప్తానన్నాను. పదేళ్ళు దాటిన పిల్లి ఎక్కువ నీళ్ళు తాగుతూ, ఎక్కువ మూత్రం పోస్తూ, బరువు తగ్గుతుంటే కిడ్నీలు, షుగర్, థైరాయిడ్ ఈ మూడూ చూపించాలి. రక్తంలో క్రియాటినిన్, అంటే కిడ్నీలు వడగట్టి పంపాల్సిన వ్యర్థం, పెరిగేసరికి కిడ్నీల పని చాలావరకు పోయి ఉంటుంది, అందుకే రిపోర్టు కంటే ముందు ట్రే చెప్పే మాట వినాలి. ఈ వయసు పిల్లుల్లో మాత్రం నిజమైన ఇన్ఫెక్షన్లు ఎక్కువే, అక్కడ కల్చర్ చేసి యాంటీబయాటిక్ వాడాల్సిందే. ఇంకొకటి, వయసుతో పని లేనిది. ఇంట్లో లిల్లీ పూల గుత్తి పెట్టుకునేవాళ్ళు ఎవరైనా ఉంటే దయచేసి తీసేయండి. లిలియం జాతికి చెందిన నిజమైన లిల్లీ ఆకు కొరికినా, ఒంటి మీద పడ్డ పుప్పొడి నాకినా పిల్లి కిడ్నీలు రెండు మూడు రోజుల్లో పాడైపోతాయి.

ఒక ప్రశ్న చీటీ మీద వచ్చింది: "మా పిల్లి నిన్ననే కాథెటర్ తీసి ఇంటికి వచ్చింది, ఏం చూసుకోవాలి?" ఇంటికి వచ్చిన తర్వాత మొదటి వారం పది రోజులు మళ్ళీ బిగదీసే ప్రమాదం ఎక్కువ. రోజుకు ఒకసారి కాదు, పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, పడుకునే ముందు ట్రే చూడండి. మొదట్లో చిన్న చిన్న ఉండలు, కాస్త ఎర్రగా ఉండటం మామూలే, వాపు ఇంకా ఉంటుంది. తడి వస్తోందా లేదా అన్నదే చూడాలి. ఇంట్లో వేరే పిల్లి ఉంటే దీనికి ఒక గది విడిగా ఇచ్చి, దాని ట్రే దానికే పెట్టండి, అప్పుడు ఎవరి ఉండలో మీకు అనుమానం ఉండదు. నొప్పి మందు తగ్గిందనిపించినా మధ్యలో ఆపొద్దు. తువ్వాలు, దుప్పటి ఉతికేయకుండా దాని వాసన ఉన్నవే వేయండి. ఎనిమిది, పది గంటలపాటు ట్రేలో ఏమీ లేకపోయినా, లేదా పదేపదే వెళ్తూ ఏమీ రాకపోయినా, పొద్దుటిదాకా ఆగకుండా ఆ ఆస్పత్రికే ఫోన్ చేసి బయల్దేరండి.

ఇక మీరు అడగండి. ఫోన్లలో ట్రే ఫొటోలు తెచ్చుకున్నవాళ్ళు ముందు రండి. మొహమాటపడకండి, నేను రోజంతా చూసేది అవే.